బేస్ గిటార్‌కు వైర్‌లెస్: ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు?

ప్రశ్న: ఒక బృందంలో బేస్ గిటార్ వాయిస్తాను. ఏడాదికి సుమారు 40 ప్రోగ్రాంలు ఉంటాయి. వేరే ఆదాయం లేదు. కొన్ని నెలలు బాగా నడుస్తుంది, కొన్ని నెలలు ఖాళీ. స్టేజీ మీద కేబుల్ కాళ్లకు అడ్డం పడుతోందని, గిటార్ ధ్వనిని కేబుల్ లేకుండానే ఆంప్‌కు (ధ్వనిని పెంచే పెట్టెకు) పంపే వైర్‌లెస్ సెట్టు కొనాలనుకుంటున్నాను. గిటార్‌కే గుచ్చుకునే చిన్న ప్లగ్ సెట్టు నా ఒక ప్రోగ్రాం సంపాదనతో వచ్చేస్తుంది. మధ్యరకానికి మూడు ప్రోగ్రాంల డబ్బు, పేరున్న ఖరీదైనదానికి తొమ్మిది ప్రోగ్రాంల డబ్బు కావాలి. ఖరీదైనదానికి వడ్డీ లేని వాయిదాలు ఇస్తామంటున్నారు. తెలిసినాయన ఒకరు తన పాత యూహెచ్‌ఎఫ్ (టీవీ ప్రసారాల తరంగాల్లో పనిచేసే) సెట్టును బాగా తక్కువకు ఇస్తానంటున్నారు. నా దగ్గర నెలన్నర ఖర్చులకు సరిపడా డబ్బుంది. ఏది కొనమంటారు?

జవాబు: మధ్యరకమే కొనండి. అయితే ఇప్పుడే కాదు, వాయిదాల మీద అసలే కాదు.

ధరను ప్రోగ్రాంలలో లెక్కగట్టి రాశారు. ఆదాయం నిలకడగా లేనివాళ్లు ఏ వస్తువునైనా ఇలాగే చూడాలి. ఆ లెక్కనే కాస్త పొడిగిద్దాం. ప్లగ్ సెట్టులో బ్యాటరీ లోపలే అతికించి ఉంటుంది. లిథియం అయాన్ బ్యాటరీ సాధారణంగా 300 నుంచి 500 పూర్తి చార్జింగుల తర్వాత బలహీనపడుతుంది. ప్రోగ్రాంలూ రిహార్సళ్లూ కలిపి వారానికి నాలుగుసార్లు చార్జింగ్ పెట్టినా ఏడాదికి 200 దాటుతుంది. కాబట్టి దాని ఆయుష్షు రెండేళ్లు, అంటే 80 ప్రోగ్రాంలు అనుకుందాం. ఒక ప్రోగ్రాం డబ్బును 80కి పంచితే మీ సంపాదనలో నూటికి ఒకటింపావు దానికి పోతుంది. మధ్యరకంలో మామూలు ఏఏ సెల్స్ వేసుకునే సెట్టు తీసుకుంటే అయిదేళ్లు, అంటే 200 ప్రోగ్రాంలు వస్తుందనుకోండి. నూటికి ఒకటిన్నర పడుతుంది. ఖరీదైనది ఎనిమిదేళ్లు మన్నినా నూటికి దాదాపు మూడు.

చవకదానికీ మధ్యరకానికీ మధ్య తేడా నూటికి పావు మాత్రమే. చవకది స్టేజీ మీద మొరాయించి, ఆ రెండేళ్లలో ఒక్క ప్రోగ్రాం మీ చేతి నుంచి జారిపోయినా దాని ఖర్చు నూటికి రెండున్నరకు చేరుతుంది. సెట్టు ధర ఎంత అని కాకుండా, అది ఆగిపోతే మీకెంత నష్టం అని అడగండి. బేస్ ఆగిపోతే పాటకు అడుగున ఉన్న నేల జారిపోయినట్టే. అది ఎవరికీ వినబడకుండా పోదు.

పాత యూహెచ్‌ఎఫ్ బేరం దగ్గర మాత్రం గట్టిగా చెబుతాను, ఆశపడకండి. టీవీ ప్రసారాల మధ్య ఖాళీల్లో పనిచేసే ఆ తరంగాల్లో కొంత భాగాన్ని చాలా దేశాలు మొబైల్ కంపెనీలకు అమ్మేశాయి. అమెరికాలో 700 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేసే వైర్‌లెస్ మైకుల వాడకాన్ని 2010 జూన్ 12తోనూ, 600 మెగాహెర్ట్జ్‌లో చాలా భాగాన్ని 2020 జులై 13తోనూ ఆపేశారు. వస్తువు కొత్తదానిలా మెరుస్తూ ఉండవచ్చు, కానీ దాన్ని వాడటమే నేరం కావచ్చు. వెనక ముద్రించిన ఫ్రీక్వెన్సీ మీరున్న చోట నేటికీ అనుమతి ఉన్నదేనని తేలితే తప్ప, దాని విలువ సున్నా అనే లెక్కలో వేసుకోండి.

కొనేది 2.4 గిగాహెర్ట్జ్ డిజిటల్ సెట్టు అయితే లైసెన్సు గొడవ ఉండదు. దానికున్న చిక్కు వేరు. వైఫై, బ్లూటూత్ కూడా అదే దారిలో నడుస్తాయి. ఖాళీ హాలులో సౌండ్ చెక్ చేసినప్పుడు చక్కగా పలికిన సెట్టు, జనం ఫోన్లతో వచ్చి కూర్చున్నాక తడబడవచ్చు. మనిషి శరీరం కూడా ఈ తరంగాలను అడ్డుకుంటుంది. అందుకే రిసీవర్‌ను (ఆంప్‌కు కలిపి ఉండి సిగ్నల్ అందుకునే భాగాన్ని) ఆంప్ వెనక నేల మీద పడేయకుండా, మీకు కంటికి కనిపించేలా ఎత్తులో పెట్టుకోవాలి. వైఫై రౌటర్‌కు దూరంగా ఉంచాలి. మీ బృందంలో ఇంకెవరైనా వైర్‌లెస్ వాడుతుంటే, ఒకేసారి ఎన్ని సెట్లు కలిసి పనిచేస్తాయో కొనే ముందే కనుక్కోండి.

డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టనక్కర్లేదో కూడా చెబుతాను. నాలుగు తీగల బేస్‌లో అట్టడుగు స్వరం దాదాపు 41 హెర్ట్జ్, అయిదు తీగలదైతే దాదాపు 31. కాబట్టి సెట్టు వివరాల్లో ఫ్రీక్వెన్సీ 20 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుందా అని చూడండి. గొంతు కోసం చేసిన మైకు సెట్లు కింది స్వరాలను కోసేయవచ్చు. మీది బ్యాటరీతో నడిచే ఆక్టివ్ బేస్ అయితే సిగ్నల్ బలంగా వస్తుంది, దాన్ని తగ్గించుకునే మీట ట్రాన్స్‌మిటర్ (గిటార్‌కు తగిలించే భాగం) మీద ఉండాలి. కొన్ని చిన్న ప్లగ్ సెట్లు ఆక్టివ్ బేస్‌లతో రొద చేస్తాయి కూడా. తీగ మీటాక ధ్వని బయటికి రావడానికి సెట్టు చేసే ఆలస్యం విషయంలో భయపడి ఎక్కువ పెట్టకండి. ధ్వని ఒక మీటరు దూరం వెళ్లడానికే దాదాపు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. అయిదు మిల్లీసెకన్ల ఆలస్యమున్న సెట్టుతో వాయించడమంటే ఆంప్‌కు మరో ఒకటిన్నర మీటర్లకు పైగా వెనక్కి జరిగి నిలబడటం లాంటిదే.

ఇక వాయిదాలు. వడ్డీ లేదన్నా ప్రాసెసింగ్ రుసుము ఉండవచ్చు, నగదుకు ఇచ్చే తగ్గింపు పోవచ్చు. అంతకంటే పెద్ద సమస్య మీ ఖాళీ నెలలు. ప్రోగ్రాంలు లేవని వాయిదా ఆగదు. చేతిలో నెలన్నర డబ్బు ఉన్నవారు తొమ్మిది ప్రోగ్రాంల అప్పు నెత్తిన పెట్టుకోవడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు.

ఇలా చేయండి. ప్రతి ప్రోగ్రాం డబ్బు చేతికి రాగానే నూటికి 10 వైర్‌లెస్‌కు, 15 అత్యవసర నిధికి వేరే ఖాతాలోకి మార్చండి. 30 ప్రోగ్రాంలకు, అంటే తొమ్మిది నెలలకు, మధ్యరకం సెట్టు ధర చేరుతుంది. అప్పటికి అత్యవసర నిధిలో నాలుగున్నర ప్రోగ్రాంల డబ్బు కలుస్తుంది. మీ నెల ఖర్చు రెండున్నర ప్రోగ్రాంల సంపాదన అనుకుంటే, నెలన్నర నిధి మూడు నెలలు దాటుతుంది. సెట్టు కొన్నాక ఆ 10 కూడా నిధికే మళ్లించండి. మీలాంటి ఆదాయానికి ఆరు నెలల నిధి ఉండాలి.

ఈ తొమ్మిది నెలలూ మంచి కేబుల్ ఒకటి, అదనంగా మరొకటి చాలు. కేబుల్‌ను గిటార్ స్ట్రాప్ లోపలి నుంచి ఒక చుట్టు తిప్పి జాక్‌లో పెట్టండి. ఎవరైనా తొక్కినా ప్లగ్ ఊడిరాదు. మీరు వాయించే స్టేజీలు చిన్నవైతే, దీంతోనే ఇబ్బంది తీరిపోయి వైర్‌లెస్ అవసరమే లేదనిపించవచ్చు. అప్పుడు ఆ డబ్బంతా నిధిలోనే ఉంచండి.

వైర్‌లెస్ విలాసం మాత్రమే అని నేననను. 1976 డిసెంబరులో ఫ్లోరిడాలోని లేక్‌లాండ్ వేదిక మీద అమెరికా రాక్ బృందం కిస్ గిటారిస్టు ఏస్ ఫ్రేలీకి కరెంటు షాక్ కొట్టింది. ఆ తర్వాత ఆ బృందం వైర్‌లెస్‌కు మారింది. కేబుల్ లేకపోతే గిటార్ మీదుగా అలాంటి షాక్ తగిలే దారి ఉండదు. ఎర్తింగ్ సరిగా లేని వేదికల మీద మీరు తరచూ వాయిస్తుంటే, నూటికి 10 బదులు 15 పక్కన పెట్టి 20 ప్రోగ్రాంలకే కొనండి. నిధి కొంత ఆలస్యమైనా ఫరవాలేదు.

కొనేటప్పుడు తిరిగి ఇచ్చే గడువు ఉన్నచోటే కొనండి. ఆ గడువులోపు కనీసం ఒక నిజమైన ప్రోగ్రాంలో, జనం నిండాక, అట్టడుగు తీగను గట్టిగా మీటుతూ స్టేజీ ఆ చివరి నుంచి ఈ చివరికి నడవండి. ఒక్కసారి తెగినా తిరిగి ఇచ్చేయండి. రీచార్జి చేసుకునే నికెల్ సెల్స్ రెండు జతలు కొనుక్కోండి. బిల్లు జాగ్రత్తగా దాచండి, స్వయం ఉపాధి ఆదాయంలో పనిముట్ల ఖర్చును పన్ను లెక్కలో చూపించుకునే వీలు చాలాచోట్ల ఉంటుంది. వాయించడం అయ్యాక ప్లగ్ తీసేయండి, లేకపోతే ఆక్టివ్ బేస్ లోపలి బ్యాటరీ రాత్రంతా ఖర్చవుతూనే ఉంటుంది. ఆ పాత కేబుల్‌ను మాత్రం అమ్మకండి, ప్రతి ప్రోగ్రాంకూ సంచిలో ఉండాలి.