ఖాళీ పట్టిక ముందు గీయమ్మా

కావలి,
ఆదివారం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతో పంపిన పదిహేడు ప్రశ్నల కాగితం అందాయి. రెండుసార్లు చదివాను. "డ్వాక్రా సంఘాల వల్ల మహిళా సాధికారత: నెల్లూరు, ప్రకాశం జిల్లాల తులనాత్మక అధ్యయనం" అని పేరు పెట్టుకున్నావు. కింద మొదటి సందేహం, "ఎంతమందిని అడగాలి మేడమ్?" అని. ఇన్నేళ్ళుగా పిల్లలందరూ నన్ను మొదట అడిగేది ఇదే. జవాబు చెప్తాను గానీ కాస్త ఆగి చెప్తాను. ఏం అడగాలో తేలకుండా ఎంతమందిని అడగాలో తేలదు.

నువ్వు పెట్టిన పేరులో విషయం ఉంది, ప్రశ్న లేదు. "కాదు" అనే జవాబు కూడా రాగలిగితేనే అది ప్రశ్న. సంఘంలో తెచ్చిన అప్పును తన చేత్తో తానే ఖర్చు పెట్టుకున్న ఆమెకీ, తెచ్చి మొత్తం భర్త చేతిలో పెట్టిన ఆమెకీ, ఇంట్లో పెద్ద కొనుగోళ్ళప్పుడు మాట చెల్లడంలో తేడా ఉందా? ఇది ప్రశ్న. తేడా లేదని తేలొచ్చు. తేలినా నీ డిజర్టేషన్ పాడైపోదు. నిజాయితీగా వెతికి తేడా లేదని రాసిన పిల్లలకి నేను ఎప్పుడూ ఒక్క మార్కు తగ్గించలేదు.

సంఘంలో ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ పోలుస్తానన్నావు. అక్కడే నాకు భయంగా ఉంది. మన పల్లెల్లో ఈరోజు సంఘంలో లేని ఇల్లు కావాలంటే వెతుక్కోవాలి. అలా వెతికితే దొరికేది ఎవరు? ఏడాదిలో సగం రోజులు హైదరాబాదులోనో బెంగళూరులోనో బేల్దారి పనికి పోయేవాళ్ళు, వాయిదాలు కట్టలేక బయటికొచ్చినవాళ్ళు, లేదంటే ఆ అప్పు అక్కర్లేని కలిగినవాళ్ళు. వాళ్ళకీ సభ్యులకీ మధ్య తేడా కనపడితే అది సంఘం తెచ్చిందో, ముందునుంచీ ఉన్నదో ఎలా చెప్తావు?

మన జిల్లా చరిత్రే చూడు. 1991లో అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. రాత్రి బళ్ళలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళే దూబగుంటలో సారా మీద తిరగబడ్డారు. 1992కల్లా అది జిల్లా అంతా పాకింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు ఆ ఊపులో వచ్చినవే. అంటే మన దగ్గర ధైర్యం ముందు, పొదుపు పుస్తకం తర్వాత. నువ్వేమో సంఘం వల్ల ధైర్యం వచ్చిందని ముందే పేరులో రాసేసుకున్నావు. ఒక్కసారి వెళ్ళి అడిగొచ్చే సర్వేతో "వల్ల" అన్న మాటని నిలబెట్టలేవు తల్లీ. "ఇది ఉన్నచోట అది కూడా ఎక్కువగా కనపడింది" అని రాయగలవు, అంతవరకే. పేరులోంచి ఆ "వల్ల" తీసెయ్. వీలైతే లేనివాళ్ళని వదిలేసి, సభ్యుల్లోనే అప్పు ఎవరి చేతికి పోయిందన్నదాన్ని బట్టి పోల్చు.

ఇప్పుడు పని సంగతి. ప్రశ్నావళి పక్కన పెట్టి ముందు ఖాళీ పట్టికలు గీయి. అడ్డంగా మూడు గడులు: అప్పు తానే వాడింది, ఇద్దరూ కలిసి వాడారు, మొత్తం భర్తకిచ్చింది. నిలువుగా రెండు: పెద్ద కొనుగోళ్ళలో తన మాట ఉంది, లేదు. అంకెలేమీ వెయ్యకు. నీ పదిహేడు ప్రశ్నల్లో ఏది ఏ పట్టికలోకి పోతుందో పెన్సిలుతో గుర్తు పెట్టు. ఎక్కడికీ పోనిదాన్ని కొట్టెయ్. నేను చేసి చూశాను. తొమ్మిది ఎక్కడికీ పోలేదు. కావలసినవి మాత్రం నువ్వు అడగనే లేదు. పెళ్ళయి ఎన్నేళ్ళు? అత్త అదే ఇంట్లో ఉంటుందా? పొలం ఎవరి పేరున ఉంది? వయసు పెరిగేకొద్దీ ఆడమనిషి మాట ఇంట్లో చెల్లుతుంది, సంఘంలో చేరిన ఏళ్ళూ పెరుగుతాయి. వయసు అడక్కపోతే, కాలం ఇచ్చిన బలమంతా సంఘం లెక్కలో పడుతుంది.

"నేను సాధికారత పొందినట్లు భావిస్తున్నాను" అని రాసి, కింద "గట్టిగా అంగీకరిస్తాను" నుంచి "గట్టిగా వ్యతిరేకిస్తాను" వరకు అయిదు మెట్లు పెట్టావు. ఉదయగిరి వైపు పల్లెలో పొయ్యి దగ్గర కూర్చున్న ఆమెకి అది చదివి వినిపించు. "ఆఁ, పర్లేదులే అమ్మా" అంటుంది. ఆ "పర్లేదు"ని నువ్వు 3 అంటావు, నీ స్నేహితురాలు 4 అంటుంది, చివరికి సగటు 3.62 అని అచ్చవుతుంది. దానికి అర్థం లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్ళు ఏమడుగుతారో చూడు: నీ వైద్యం గురించి ఎవరు నిర్ణయిస్తారు, పెద్ద వస్తువులు కొనేది ఎవరు నిర్ణయిస్తారు, పుట్టింటికో చుట్టాలింటికో పోవాలంటే ఎవరు నిర్ణయిస్తారు, నువ్వు స్వయంగా వాడే బ్యాంకు ఖాతా ఉందా. ఇవి జరిగిన పనుల గురించిన ప్రశ్నలు కాబట్టి జవాబు తూలదు. అవే మాటల్లో అడిగితే 2019-21 సర్వేలో రాష్ట్రానికొచ్చిన అంకెల పక్కన నీ అంకెల్ని పెట్టి చూసుకోవచ్చు.

కొలతలు కూడా జనం లెక్కలోనే అడుగు. కుర్రతనంలో నేను చేసిన మొదటి సర్వేలో వరి దిగుబడి క్వింటాళ్ళలో చెప్పమన్నాను. మన రైతు పుట్లలో తప్ప చెప్పడు, నెల్లూరు పుట్టి 850 కిలోలు. తిరిగిన కుర్రాళ్ళు కొందరు వాళ్ళే మార్చి రాశారు, కొందరు బస్తాల లెక్క వేశారు, కొందరు పుట్లనే క్వింటాళ్ళ గడిలో రాసేశారు. ఏది ఏదో తేల్చలేక ఆ పేజీలన్నీ తీసి పక్కన పెట్టాను. ఏడుపొచ్చింది. రెండు నెలల తిరుగుడు పోయింది. పుట్టి అయితే పుట్టి అని, ఇంటి స్థలమైతే అంకణాలని రాసుకురా. మార్చే పని ఇంటికొచ్చి మనం చేసుకుందాం. "అయిదేళ్ళ కిందట" అని కూడా అడక్కు. "కరోనా ముందా, తర్వాతా?", "2021లో పెన్నకి వరదొచ్చినప్పటికి సంఘంలో ఉన్నావా?" అని అడుగు.

రెండు జిల్లాలు ఎందుకో నీ కాగితంలో ఒక్క కారణం లేదు. ఒక జిల్లా చాలు. పైగా గీతలు మారాయి. 2011 జనాభా లెక్కల్లో ప్రకాశానికి ఉన్న 33.97 లక్షల్లో చీరాల, అద్దంకి, కందుకూరు కూడా ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న చీరాల, అద్దంకి బాపట్లకి పోయాయి, కందుకూరు నెల్లూరుకి వచ్చింది. పాత అంకెని కొత్త జిల్లా పేరు పక్కన రాశావో, వైవాలో మొదటి ప్రశ్న అదే అవుతుంది. మండలాలవారీగా తీసి నువ్వే కూడుకో.

సరే, ఎంతమంది? పుస్తకాల్లో కనపడే 384 ఎక్కడినుంచి వచ్చిందంటే, నూటికి 95 పాళ్ళ నమ్మకంతో అయిదు శాతం అటూఇటూ చెప్పడానికి, జనాభా చాలా పెద్దదైనప్పుడు, జవాబులు సగం సగంగా ఉంటాయనుకుని వేసిన లెక్క. ఊరు మొత్తం 400 ఇళ్ళే అయితే 196 చాలు. జిల్లాలో లక్షలమంది ఉన్నా 384 చాలు, కోట్ల మందికైనా అంతే. కానీ అది చీటీలు తీసినట్టు ఎక్కడెక్కడివాళ్ళనో ఎంచుకుంటేనే. నువ్వు ఇరవై ఊళ్ళు పట్టుకుని ఊరికి ఇరవైమందిని అడుగుతానంటున్నావు. ఒకే ఊరివాళ్ళు ఒకరినొకరు పోలి ఉంటారు. ఆ పోలికని సున్నా నుంచి ఒకటి దాకా కొలిస్తే 0.05 ఉందనుకో, నీ 400 మంది విడివిడిగా ఎంచుకున్న 205 మందితో సమానమవుతారు. అందుకని ఊళ్ళు పెంచు, ఊరికి మనుషుల్ని తగ్గించు. నలభై ఊళ్ళకి పదేసి మంది. బస్సు చార్జీలు ఎక్కువవుతాయి, తెలుసు. ఖాళీ పట్టికలోని అతి చిన్న గడిలో ఎంతమంది పడతారో కూడా అంచనా వేసుకో. అక్కడ ఏడుగురే పడేట్టుంటే మొత్తం 400 ఉన్నా లాభం లేదు.

సభ్యుల పేర్లు మండలంలో సంఘాల పని చూసే వెలుగు ఆఫీసులో అడుగు. జాబితాలో 240 పేర్లుంటే, పది కావాలి కనక ప్రతి ఇరవై నాలుగో పేరు. మొదటి పేరు ఒకటి నుంచి ఇరవై నాలుగులోపు చీటీ తీసి ఎంచుకో. ఊళ్ళో సంఘాల లెక్కలు రాసే యానిమేటర్ "నేను తీసుకుపోతా రామ్మా" అంటుంది, ప్రేమగానే అంటుంది. దారి చూపించమను, గడప దగ్గర ఆగిపొమ్మను. ఒకసారి నాతో లోపలిదాకా రానిచ్చాను. ఆ ఊళ్ళో ఒక్కరు కూడా వాయిదా తప్పలేదన్నారు. తర్వాత నెల ఒంటరిగా పోతే వేరే జవాబులు వినపడ్డాయి.

పొదిలి, కనిగిరి వైపు తాళాలు చాలా కనపడతాయి. పక్కింట్లో అడిగి సరిపెట్టకు. తాళం వేసిన ఇల్లే వలసపోయిన ఇల్లు, దాన్ని వదిలితే అప్పు బరువెక్కువైనవాళ్ళే నీ లెక్కలోంచి జారిపోతారు. సాయంత్రం పో, మళ్ళీ పో, ఫోన్ నంబరు దొరికితే ఫోన్ చెయ్. అప్పటికీ దొరక్కపోతే "దొరకలేదు" అని ఎన్నిళ్ళో రాయి. గూగుల్ ఫారం మాత్రం వద్దు. అది మీ హాస్టల్ పిల్లల సర్వే అవుతుంది.

కంప్యూటర్ సంగతికి, లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్ అయినా ఇంకేదైనా ఒకటే, బెంగపడకు. అందులో ప్రతిదాన్నీ ప్రతిదానితో నొక్కి చూడకు. అసలు సంబంధమే లేని ఇరవై జతల్ని పరీక్షిస్తే, కాకతాళీయంగా నూటికి అయిదుసార్లు పొరబడొచ్చని ఒప్పుకునే ఆ అయిదు శాతం గీత దగ్గర సగటున ఒకదానిలో సంబంధం ఉన్నట్టే కనపడుతుంది. ముందు గీసుకున్న పట్టికలనే పరీక్షించు. తర్వాత కొత్తగా తోచినవాటిని "తర్వాత తోచినవి" అని వేరుగా రాయి.

ఆమె పేరు, ఆమె జవాబులు ఒకే కాగితం మీద ఉండకూడదు. నంబరు వెయ్యి, పేర్ల పుస్తకం ఇంట్లో పెట్టు. వాయిదా తప్పిన విషయం నీతో చెప్పిన మనిషి రేపు సంఘం మీటింగులో కూర్చోవాలి.

ముందుగా, సర్వేకి ఎంచుకున్న ఊళ్ళలో లేని ఊరొకటి చూసుకుని ఇరవైమందిని అడిగి రా. సంఖ్యాశాస్త్రవేత్త మహలనోబిస్ 1937లో బెంగాల్లో జనపనార విస్తీర్ణం లెక్కకట్టడానికి దిగినప్పుడు చిన్న సర్వేతోనే మొదలుపెట్టాడు, ఏటేటా పెంచుకుంటూ పోయాడు. మొదటి ఊరికి నేనూ వస్తాను, ఎండ తగ్గాక బయల్దేరదాం. ఈలోగా నాలుగు ఖాళీ పట్టికలు గీసి పంపు, తప్పులున్నా ఫర్వాలేదు.

ఉంటాను,
నీ మేడమ్