బీడీ కంటే గమ్ ఖరీదు కదా అంటున్నారు మావారు

ప్రశ్న: మాది వరంగల్. మావారు ట్రాలీ ఆటో నడుపుతారు. డీజిల్, కిస్తీ పోను నెలకు 24,000 మిగులుతుంది. సిగరెట్ రేటు భరించలేక రెండేళ్ల కిందట బీడీకి మారారు. రోజుకు రెండు కట్టలు, ఒక ఖైనీ ప్యాకెట్ కలిపి 70 రూపాయలు. పాన్‌డబ్బాలో 1,400 ఖాతా కూడా ఉంది. హైదరాబాద్‌లో లక్షన్నర జీతం తీసుకునే మా మరిది రోజుకు 180 రూపాయలు సిగరెట్లకే పెట్టేవాడు. పొగాకు మానడానికి వాడే నికోటిన్ గమ్ నమిలి మానేశాడు. ఈయనేమో గమ్ దండగంటారు. టర్మ్ ఇన్సూరెన్స్ (మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా) తీసుకోవాలంటే ఈయన మానేదాకా ఆగాలా?

జవాబు: మీవారి మాట కొట్టిపారేయకండమ్మా. ఆయన లెక్క తప్పు కాదు, సగంలో ఆగిపోయింది. గమ్ ఒక్కోటి పదకొండు రూపాయలనుకుందాం. మొదట్లో రోజుకు పది కావాల్సి రావచ్చు, అంటే 110. మీ మరిదికి మొదటి రోజే 70 మిగిలింది. మీవారికేమో రోజుకు 40 అదనంగా పడుతుంది. ఉన్నవాడికి మానడం చవక, లేనివాడికి ఖరీదు. 2016-17 జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో సిగరెట్ కాల్చేవాళ్లు 4 శాతమైతే, బీడీ కాల్చేవాళ్లు 7.7 శాతం. వీళ్లలో ఎక్కువమందికి ఎదురయ్యేది మీవారి లెక్కే.

కానీ గమ్ సుమారు మూడు నెలల ఖర్చు, బీడీ జీవితాంతం ఖర్చు. రోజుకు 40 చొప్పున మూడు నెలలకు 3,600. నిజానికి గమ్‌లు వారవారం తగ్గుతాయి కాబట్టి అంత కూడా కాదు. ఆ తర్వాత నెలకు 2,100 చేతిలో ఉంటుంది. రెండు నెలలు తిరక్కుండానే పెట్టిన డబ్బు వెనక్కి వస్తుంది. పైగా మీ మరిది సిగరెట్లకు జీతంలో 3.6 శాతమే పోయేది. మీ ఇంట్లో బీడీ, ఖైనీలకు దాదాపు 9 శాతం పోతోంది. ఇది మీ ఖర్చుల పుస్తకంలో కనిపించదు, కిరాయి డబ్బు ఇంటికి చేరకముందే పాన్‌డబ్బా దగ్గర కోత పడుతుంది కదా.

గమ్ కొనేముందు జిల్లా ఆసుపత్రిలో పొగాకు మాన్పించే విభాగం ఉందేమో అడగండి. 1800-11-2356కు ఫోన్ చేసినా ఉచితంగా సలహా ఇస్తారు. గుండె జబ్బు ఉంటే డాక్టర్‌ను అడిగాకే గమ్. ఖైనీ మాత్రం ఉంచుకుంటానంటే ఒప్పుకోకండి. ఎవరైనా వేప్ (ఈ-సిగరెట్) తెచ్చిస్తామన్నా వద్దనండి, 2019 చట్టంతో దాని అమ్మకం, దిగుమతి నిషేధం.

ఇక ఇన్సూరెన్స్. ఆగొద్దు. ఆటో రోజూ రోడ్డు మీదే ఉంటుంది, ప్రమాదం చెప్పి రాదు. పొగాకు వాడేవారి ప్రీమియంకే ఇప్పుడు పాలసీ తీసుకోండి, ఫారంలో బీడీ, ఖైనీ రెండూ రాయండి. బీడీ చిన్నదని కంపెనీ తగ్గించదు. దాచిపెడితే, మూడేళ్లలోపు దాన్ని పట్టుకుని పాలసీని ప్రశ్నించే వీలు ఇన్సూరెన్స్ చట్టం 45వ సెక్షన్ కంపెనీకి ఇస్తుంది. పొగాకు పూర్తిగా మానేసి ఏడాది నిండాక తక్కువ ప్రీమియం పాలసీకి దరఖాస్తు చేయండి. గమ్ నములుతున్నా కంపెనీ చేయించే వైద్య పరీక్షలో నికోటిన్ ఆనవాలు కనిపిస్తుంది కాబట్టి అప్పటికి అదీ ఆగాలి. కొత్త పాలసీ చేతికొచ్చాకే పాతది వదలండి.

ముందుగా ఆ 1,400 తీర్చేసి, మీవారి ఎదురుగానే పాన్‌డబ్బా ఖాతా కొట్టేయించండి.