పిల్లల లైబ్రరీకి ముందు మీ శనివారం ఇవ్వండి

"అన్నా, ఆగస్టులో అమెరికా పోతున్నాం. మనవాళ్ళు నడిపే పిల్లల లైబ్రరీకి ఏమన్నా చేయాలని ఉంది. డబ్బులిస్తే మంచిదా, పుస్తకాలిస్తే మంచిదా?" సెలవులకు కడప వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. ఈసారి ప్రొద్దుటూరు, అనంతపురం పిల్లలు అడిగారు. వినడానికే ఎంత సంతోషంగా ఉంటుందో! అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు మీ శనివారం ఇవ్వండి. డబ్బు, పుస్తకాలు తర్వాత.

అక్కడ మన లైబ్రరీ అంటే సొంత భవనం కాదు. కమ్యూనిటీ హాల్లోనో గుడిలోనో ఒక గది, వారానికి రెండు గంటలు. మిగతా రోజులు పుస్తకాలు ఎవరో ఒకరి గరాజులో ప్లాస్టిక్ డబ్బాల్లో ఉంటాయి. శనివారం పొద్దున్నే వాటిని కారులో వేసుకొచ్చి, మడత బల్లలు పరిచి, అట్టలు కనబడేలా పేర్చాలి. తిరిగొచ్చినవి రాసుకోవాలి, చిరిగిన పేజీకి టేపు వేయాలి, అంతా అయ్యాక గది ఊడ్చి తాళం అప్పజెప్పాలి. ఇదంతా ఒకే కుటుంబం మీద పడితే ఎంత ఓపికైనా కొన్ని నెలలే. రెండు వారాలు వరసగా తలుపు తీయకపోతే మూడో వారం పిల్లలు రారు. అమ్మానాన్నలు ఆ టైములో ఈత క్లాసులో చేర్పించేసి ఉంటారు.

అక్కడ పుట్టిన పిల్లల్లో చాలామందికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడతారు కూడా. చదవడం దగ్గరే ఆగిపోతారు. 'పలక', 'ఆట' గబగబా చదివేసిన పాప 'కుక్క' దగ్గరికి రాగానే కింద ఉన్న వత్తు మీద వేలు పెట్టి మన మొహం వైపు చూస్తుంది. అప్పుడు పక్కన కూర్చుని, తొందరపెట్టకుండా, తానే చదివేదాకా ఆగే మనిషి కావాలి. ఆ పని చెక్కు రాసిస్తే జరిగేది కాదు. మన కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గ్రంథాలయాల కోసం ఎంత తిరిగారో, చదువు రాని పెద్దలకు అక్షరాలు నేర్పించడానికీ అంతే తపించారు. చదివించే మనిషి లేకపోతే పుస్తకాలు డబ్బాల్లోనే ఉండిపోతాయి. మిమ్మల్ని చూడటానికి ఊరి నుంచి వచ్చిన జేజిని కూడా తీసుకురండి. ఆమె నోటి నుంచి కథ వింటే పిల్లలు కదలరు.

ఇక వీసా భయం. ఎఫ్-1 మీద చదువుకునేవాళ్ళు, ఉద్యోగం చేసేవాళ్ళ భార్యగానో భర్తగానో వచ్చి పని అనుమతి లేని హెచ్-4 వాళ్ళు వాలంటీరుగా రావచ్చు. ఆ సంస్థ లాభాపేక్ష లేనిదై ఉండాలి, మీరు చేసేది మామూలుగా వాలంటీర్లే చేసే పని అయి ఉండాలి, మీకు పైసా ముట్టకూడదు. గిఫ్ట్ కార్డు ఇచ్చినా వద్దనండి. జీతానికి మనిషిని పెట్టుకునే పనిని మీ చేత ఉచితంగా చేయించుకుంటామంటే ఒప్పుకోకండి. అనుమానం ఉంటే మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసును ముందే అడగండి. పిల్లలతో పని కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ చెక్, అంటే మీ మీద పాత కేసులేమన్నా ఉన్నాయేమో చూసే తనిఖీ, అడగవచ్చు, పిల్లలతో ఒక్కరే గదిలో ఉండకూడదనీ చెప్పవచ్చు. మమ్మల్ని నమ్మరా అని నొచ్చుకోవద్దు. అలా అడిగే చోటికే నేనైతే నా పిల్లల్ని పంపుతాను.

ఉద్యోగం వచ్చాక డబ్బు సంగతి. ఒకేసారి అయిదు వందల డాలర్లు ఇచ్చి ఫొటో దిగడం కంటే నెలకు పది డాలర్లు ఆపకుండా ఇవ్వడం మేలు. గది అద్దె నెలనెలా కట్టాలి, బీమా ఏటా కట్టాలి. వచ్చే ఏడాది ఎంత వస్తుందో తెలిస్తేనే నడిపేవాళ్ళు గది ఖాయం చేసుకోగలరు. పుస్తకం మీద తాతగారి పేరు వేయించమని అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు, బీమా కడతామనేవాళ్ళే దొరకరు. ఆ రెండో రకం మనిషి కండి. చిన్న చందాలతో ఏమవుతుంది అంటారా? మన కడపలోని ఎర్రముక్కపల్లి పోయి చూడండి. బ్రౌన్ దొర ఉన్న బంగ్లా స్థలంలోని గ్రంథాలయం కోసం జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఎందరినో అడిగి చందాలు కూడగట్టారు. యోగి వేమన విశ్వవిద్యాలయం చేతికి పోయింది ఆ తర్వాతే.

ఇచ్చే ముందు సంస్థకు 501(సి)(3), అంటే లాభాపేక్ష లేని సేవాసంస్థ అనే గుర్తింపు ఉందో లేదో అమెరికా పన్నుల శాఖ, అంటే ఐఆర్‌ఎస్, వెబ్‌సైటులో పేరు కొట్టి చూసుకోండి. 250 డాలర్లు, ఆపైన ఒకేసారి ఇస్తే పన్ను మినహాయింపుకు సంస్థ రాసిచ్చిన రసీదు కావాలి. మీరు పెట్టిన గంటలకు మినహాయింపు లేదు. లైబ్రరీ పని మీద కారు నడిపితే మైలుకు 14 సెంట్లు చూపించుకోవచ్చు. చాలా పెద్ద కంపెనీలు మీరిచ్చినదానికి సమానంగా తామూ ఇస్తాయి, కొన్ని మీ వాలంటీరు గంటలకు కూడా డబ్బు కడతాయి. చేరిన వారంలోనే హెచ్‌ఆర్‌ను అడగండి, గంటలు తేదీలతో సహా రాసి పెట్టుకోండి. బి.కామ్ చదివినవాళ్ళుంటే లెక్కల పని మీ చేతుల్లోకి తీసుకోండి. ఏడాదికి 50,000 డాలర్లకు మించి రాబడి లేని చిన్న సంస్థ ఏటా ఐఆర్‌ఎస్‌కు పంపాల్సింది 990-ఎన్ అనే చిన్న ఆన్‌లైన్ నోటీసే. మూడేళ్ళు వరసగా అది పంపకపోతే గుర్తింపు దానంతట అదే రద్దవుతుంది. పుస్తకాల మీద ప్రేమతో నడిపేవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

పుస్తకాలు తేవద్దని కాదు, అడిగి తెండి. టికెట్టు కొన్నాక లైబ్రరీ నడిపేవాళ్ళకు ఫోన్ చేసి ఏవి లేవో రాయించుకోండి. పేజీకి రెండు మూడు వాక్యాలు, పెద్ద అక్షరాలు, మంచి బొమ్మలు ఉన్న పలుచని పుస్తకాలే ఎక్కువ తిరుగుతాయి. మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్, తూలిక, ప్రథమ్ బుక్స్ వాళ్ళవి చూడండి. ప్రథమ్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దించుకుని ప్రింటు తీసుకోవచ్చు కాబట్టి వాటి కోసం పెట్టెలో బరువు దండగ. ఇంట్లో చెదలు తగిలిన పాత పత్రికలు, పెద్దల కోసం రాసిన లావు గ్రంథాలు మాత్రం వద్దు. 23 కిలోల పెట్టెలో పుస్తకాలను ప్లాస్టిక్ కవరులో చుట్టి బట్టల మధ్య పెట్టండి. ఊరగాయ వేరే పెట్టెలో పెట్టండి, నూనె కారితే అన్నీ పోతాయి.