పరాయి దేశం మీద యుద్ధానికి పిలిస్తే క్రైస్తవుడు కాదనవచ్చా?

అడిగినవారు అమెరికాలో ఉంటున్న తెలుగు విశ్వాసి. గ్రీన్‌కార్డు ఉన్న కొడుక్కి 18 నిండబోతున్నాయి. రేపు మళ్లీ డ్రాఫ్ట్ (యువకులను సైన్యంలోకి తప్పనిసరిగా పిలవడం) పెట్టి ఎక్కడో దూరదేశంలో యుద్ధానికి రమ్మంటే విశ్వాసం పేరు చెప్పి తప్పుకోవచ్చా, ఏ వాక్యం చూపించాలి అన్నది ప్రశ్న.

కాదనవచ్చు. కానీ వాక్యం చూపిస్తే పని జరగదు. మీరు శత్రువులను ప్రేమించమన్న మత్తయి 5:44 తీస్తే ఎదుటివాడు అధికారులకు లోబడమన్న రోమా 13 తీస్తాడు, ఆ తర్వాత లూకా 3:14 తీసి, తన దగ్గరికి వచ్చిన సైనికులను బాప్తిస్మమిచ్చు యోహాను ఉద్యోగం మానమనలేదు కదా అంటాడు. మన సంఘాల్లోనూ ఇదే జరుగుతోంది. పౌలు రోమా పత్రికను అధ్యాయాలుగా విడగొట్టి రాయలేదు. శత్రువు ఆకలితో ఉంటే అన్నం పెట్టమన్న 12వ అధ్యాయం చివరి మాటల వెంటనే 13వ అధ్యాయంలోని అధికారుల మాట వస్తుంది. ముందున్నది వదిలేసి వెనకున్నదే చదవడం పెద్ద తప్పు.

అమెరికా చట్టం బైబిలు వాక్యాలు లెక్కపెట్టదు. అది అడిగేది ఒకటే: యుద్ధం ఏదైనా సరే, ఏ రూపంలోనైనా సరే, అందులో పాల్గొనడానికి నీ మనస్సాక్షి ఒప్పుకోదా? చాలామంది క్రైస్తవులు ఇక్కడే చిక్కుకుంటారు. అగస్టీను, అక్వినాస్ అనే పాతకాలపు క్రైస్తవ పండితుల నాటి నుంచి పెద్ద సంఘాలు నేర్పింది న్యాయమైన యుద్ధం వేరు, అన్యాయమైన యుద్ధం వేరు అని. ఆ బోధ నమ్మిన లూయీ నెగ్రే అనే కాథలిక్ సైనికుడు, వియత్నాం యుద్ధం అన్యాయమని తన విశ్వాసం చెబుతోందని సైన్యం నుంచి విడుదల కోరాడు. 1971 మార్చి 8న అమెరికా సుప్రీంకోర్టు జిలెట్ అనే మరొకరి కేసుతో కలిపి తీర్పిచ్చింది, 8-1 తేడాతో కుదరదంది. అన్ని యుద్ధాలనూ కాదనేవాడికే మినహాయింపు, ఒక యుద్ధాన్ని కాదనేవాడికి లేదు. అదే ఏడాది అక్టోబరులో అమెరికా కాథలిక్ బిషప్పులు ఇలాంటివారికి కూడా మినహాయింపు ఉండాలని ప్రకటన చేశారు. చట్టం మారలేదు. కాబట్టి మీ అబ్బాయి "ఈ యుద్ధం చమురు కోసం" అన్నాడంటే, అది నిజమే అయినా, కేసు అక్కడితో పోయినట్టే.

అన్ని యుద్ధాలనూ కాదన్నవాళ్లకు కూడా ఈ దారి ఊరికే దొరకలేదు. సౌత్ డకోటాలోని హటరైట్ (యుద్ధం చేయకూడదని నమ్మే ఒక క్రైస్తవ శాఖ) కాలనీ నుంచి జోసఫ్, మైకేల్, డేవిడ్ హోఫర్ అనే ముగ్గురు అన్నదమ్ములనూ, జేకబ్ విఫ్ అనే బంధువునూ 1918లో సైన్యంలోకి లాక్కున్నారు. 1917 చట్టంలో యుద్ధం నిషిద్ధమైన సంఘాలవారికి మినహాయింపు ఉంది. అయితే అది ఆయుధం పట్టడం నుంచి మాత్రమే, సైన్యం నుంచి కాదు. ఆ నలుగురూ యూనిఫాం వేసుకునేది లేదన్నారు. కోర్టు మార్షల్ (సైనిక న్యాయస్థానం) 20 ఏళ్ల శిక్ష వేసి ఆల్కట్రాజ్‌కు పంపింది. చీకటి కొట్లో లోదుస్తులతో ఉంచి, పక్కన యూనిఫాం పెట్టి, చేతులు పైకెత్తి ఊచలకు సంకెళ్లు వేశారు. నవంబరు 11న యుద్ధం ఆగిపోయింది. ఆ తర్వాత కూడా వదలకుండా కాన్సస్‌లోని ఫోర్ట్ లెవెన్‌వర్త్ జైలుకు మార్చారు. నవంబరు 29న జోసఫ్, డిసెంబరు 2న మైకేల్ చనిపోయారు. జోసఫ్ భార్య శవపేటిక తెరిపించి చూస్తే, బతికుండగా ఒంటికి తగలనివ్వని యూనిఫాం ఆయనకు తొడిగి ఉంది. హటరైట్లు చాలావరకు కెనడాకు వెళ్లిపోయారు.

సైన్యం అధికారం కింద లేని పౌర సేవకు 1940 చట్టం చోటిచ్చింది. ఆ పౌర సేవా శిబిరాల్లో దాదాపు 12,000 మంది జీతం లేకుండా పనిచేశారు. ఖర్చు చాలావరకు యుద్ధాన్ని కాదనే మెన్నొనైట్, బ్రెదరెన్, క్వేకర్ సంఘాలే పెట్టుకున్నాయి.

ఇక మీ అబ్బాయి సంగతి. 1973 తర్వాత డ్రాఫ్ట్ లేదు. అయినా పౌరుడికీ గ్రీన్‌కార్డు ఉన్న మగపిల్లవాడికీ 18 నుంచి 25 ఏళ్ల దాకా, డ్రాఫ్ట్ కోసం పేర్లు నమోదు చేసే ప్రభుత్వ సంస్థ సెలెక్టివ్ సర్వీస్‌లో పేరు ఉండాలి. హెచ్-4 (డిపెండెంట్) వీసా మీద ఉన్నవాడికి అక్కర్లేదు. పేరు లేకపోతే రేపు పౌరసత్వం దగ్గర అడ్డుపడుతుంది. పేరుండటం యుద్ధానికి ఒప్పుకోవడం కాదు.

రిజిస్ట్రేషన్ ఫారంలో మనస్సాక్షి నిరాకరణకు గడి లేదు. కాగితం ఫారం అయితే మనస్సాక్షి కారణంగా యుద్ధాన్ని కాదంటున్నానని దాని మీదే ఒక ముక్క రాసి, కాపీ తీసి పెట్టుకోవాలి. ఆఫీసు దాన్ని పట్టించుకోదు, కానీ తేదీ ఉన్న రుజువు మీ దగ్గర ఉంటుంది. డ్రాఫ్ట్ నోటీసు వచ్చాక మినహాయింపు అర్జీకి దొరికేది 10 రోజులే. అప్పుడు మొదలుపెడితే ఫైలు తయారవదు. నీ నమ్మకం ఏమిటి, అది నీకెలా వచ్చింది, దాన్నిబట్టి నువ్వెలా బతుకుతున్నావు అన్న మూడింటికీ ఇప్పుడే సొంత మాటల్లో ఒక్కో పేజీ రాయించండి, తేదీ వేసి సంతకం చేయించండి. పాస్టరు గారి ప్రసంగంలో నుంచి ఎత్తి రాస్తే విచారణలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

ముందే తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. నిరాకరించేవారికి రెండు వర్గాలున్నాయి. 1-ఎ-ఓ అంటే యూనిఫాం వేసుకుని ఆయుధం లేని పని, వైద్య సహాయం లాంటిది. 1-ఓ అంటే యూనిఫామే వద్దు, 24 నెలలు పౌర సేవ. ఏది కావాలో తెలియక తడబడితే నమ్మకం గట్టిది కాదనుకుంటారు. మీ అమ్మ మీద ఎవడైనా దాడిచేస్తే ఊరుకుంటావా అని అడుగుతారు. అడ్డుపడతానని నిజం చెప్పడంలో భయం లేదు, చట్టం అడిగేది యుద్ధం గురించే. అర్జీని విచారించే స్థానిక బోర్డు కాదంటే జిల్లా అప్పీలు బోర్డుకు వెళ్లవచ్చు.

మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూలు, దేవరకొండ వైపు ఎం.బి. సంఘంలో పెరిగినవారైతే ఒక మాట. ఆ ఎం అంటే మెన్నొనైట్, దానికి యుద్ధ నిరాకరణతో దాదాపు 500 ఏళ్ల సంబంధం. ఇది పిల్లలకు చెప్పకపోవడం పెద్దల లోపం. అయితే సభ్యత్వం ఒక్కటే చాలదు. అది లేకపోయినా ఫరవాలేదు, 1940 చట్టం నుంచి చూసేది వ్యక్తి నమ్మకాన్నే.

చివరిగా, అర్జీతో పెట్టే సాక్ష్యపు ఉత్తరాలు. మూడు నాలుగు చాలు, ఒకటైనా సంఘం బయటి మనిషి రాయాలి. టీచరు కావచ్చు, పనిచేసే చోట మేనేజరు కావచ్చు. పాస్టరు గారు "దైవభక్తి గల మంచి అబ్బాయి" అని రాసిస్తే దానికి విలువ లేదు. ఎన్నేళ్లుగా తెలుసు, బాప్తిస్మం ఏ సంవత్సరం, యుద్ధం గురించి ఎప్పుడు ఏం మాట్లాడాడు, తన్నులాటలో చెయ్యెత్తకపోవడం ఎవరు చూశారు అని రాసి, కింద తేదీ, ఫోన్ నంబరు వేయమనండి.