కోటింగ్ వేయించాం సరే, తర్వాత ఏం చేయాలి?

ఈసారి మీరు పంపిన ప్రశ్నల్లో సగానికి పైగా సిరామిక్ కోటింగ్ మీదే, అంటే కారు పెయింట్‌ని కాపాడడానికి దానిమీద వేయించే పల్చటి పొర మీదే, అదీ వేయించాలా వద్దా అని కాదు, వేయించేశాక దాన్ని ఎలా చూసుకోవాలి అని. డబ్బులు కట్టించుకునేటప్పుడేమో "ఇంక ఐదేళ్ళు చూస్కోనక్కర్లేదు సార్" అంటారు, మూడో నెలకి బానెట్ నిండా తెల్ల చుక్కలు కనిపిస్తాయి, అప్పుడు మాకు రాస్తారు. పర్లేదు, రాయండి. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం.

మా అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే ఒకతను వచ్చి అన్ని కార్లూ తుడిచి వెళ్తాడు, నెలకి ఇంత అని ఇస్తాం. కోటింగ్ వేసిన కారుని కూడా అతనితో తుడిపించొచ్చా? మానిపించాలంటే మొహమాటంగా ఉంది, పాపం అతని జీతం పోతుంది. – మియాపూర్, హైదరాబాద్

జీతం ఆపకండి, తుడవడం ఒక్కటే ఆపించండి. ఒకే బకెట్టు, ఒకే గుడ్డ, సెల్లార్‌లో ఉన్న కార్లన్నీ దాంతోనే, మీ కారు దగ్గరికి వచ్చేసరికి ఆ గుడ్డలో పక్కింటి వాళ్ళ టైర్ల మట్టి కూడా ఉంటుంది. మన రోడ్ల దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది కదా, అది పెయింట్ కంటే గట్టిది, పొడిగా రుద్దితే గీతలు పడక తప్పదు, ఎండలో నిలబెట్టి చూస్తే సాలెగూడులా గుండ్రంగా కనిపించేవి అవే.

"మరి 9హెచ్ అన్నారు కదా, గీతలు పడవన్నారు కదా" అని చాలామంది అడిగారు. ఆ 9హెచ్ పెన్సిల్ గట్టితనం కొలత, హెచ్‌బీ, 2హెచ్ అని మనం గీసుకునే పెన్సిళ్ళే, అన్నిటికంటే గట్టి పెన్సిల్‌తో గీసినా గీత పడలేదు అని దానర్థం. వజ్రానికి 10 అంటారే ఆ స్కేలు వేరు, దీనికీ దానికీ సంబంధం లేదు. కోటింగ్ మందం మామూలుగా ఒకటి రెండు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), దానికింద రంగు మీద కంపెనీ వేసిన పారదర్శకమైన పొర, అదే క్లియర్ కోట్, ఓ 40, 50 మైక్రాన్లు, మన తలవెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఇప్పుడు మీరే ఊహించుకోండి, రోజూ మట్టిగుడ్డతో రుద్దితే అది ఎన్నాళ్ళుంటుందో.

కాబట్టి అతనికి అద్దాలు, టైర్లు, లోపల మ్యాట్లు, డ్యాష్‌బోర్డు అప్పజెప్పండి. బాడీ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి, మొదటి వారం మర్చిపోయి తుడిచేస్తాడు, మళ్ళీ చెప్పండి. కారు మీద నాలుగు రోజులు దుమ్ము కూర్చున్నా కోటింగ్‌కి ఏమీ కాదు, కష్టమల్లా చూసేవాళ్ళ కళ్ళకే. ఆ నెమలీకల డస్టరు, మైనం పూసిన దారాల డస్టరు ఉంటుందే, అదీ ఇంతే, డిక్కీలో ఉంటే తీసేయండి. కారు కవరు కూడా దుమ్ము పట్టిన బండి మీద కప్పితే గాలికి అదే ఉప్పు కాగితంలా పనిచేస్తుంది, కడిగి ఆరిన బండి మీదే కప్పాలి.

నిన్న కోటింగ్ వేయించి ఇంటికి తెస్తుంటే దారిలో వాన పడింది. మొత్తం పోయినట్టేనా? – ఖమ్మం

పోలేదు. మొదటి 24 గంటలు తడవకుండా చూసుకోమంటారు, ఎందుకంటే అది పైపైన ఆరినట్టున్నా లోపల ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది. తడిస్తే మెత్తటి మైక్రోఫైబర్‌తో అద్దినట్టు తీసేయాలి, రుద్దొద్దు, ఎండలో చుక్కలు ఎండిపోనివ్వొద్దు. మరకలు కనిపిస్తే ఈ రెండ్రోజుల్లోనే షాపుకి వెళ్ళండి, తర్వాత కంటే ఇప్పుడు సరిచేయడం తేలిక. వారం దాకా షాంపూ మాట ఎత్తకండి.

మాది బోరు నీళ్ళు. కడిగిన ప్రతిసారీ కారంతా తెల్ల మచ్చలు. కోటింగ్ ఉంటే మరకలు పట్టవన్నారు, ఇది కోటింగ్ లేనప్పటి కంటే ఎక్కువగా ఉంది. మోసపోయామా? – బాచుపల్లి, ఇంకా నల్గొండ, కర్నూలు నుంచి కూడా ఇదే ప్రశ్న

మోసం కాదు గానీ చెప్పాల్సింది చెప్పలేదు మీకు. కోటింగ్ మీద నీళ్ళు తామరాకు మీద నిలిచినట్టు నిలుస్తాయి, జారిపోయినవి జారిపోగా మిగిలినవి గుండ్రంగా ఎత్తుగా కూర్చుంటాయి, ఎండ తగలగానే నీళ్ళు ఆవిరైపోతాయి, అందులో ఉన్న కాల్షియం, మెగ్నీషియం ఆవిరవవు కదా, అవన్నీ ఆ చుక్క అంచు చుట్టూ ఉంగరంలా మిగిలిపోతాయి. కోటింగ్ లేని పెయింట్ మీద నీళ్ళు పల్చగా పరుచుకుంటాయి కాబట్టి మచ్చ ఇంత కొట్టొచ్చినట్టు కనిపించదు, అంతే తేడా.

తాగే నీళ్ళకి మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) లెక్క ప్రకారం టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు వగైరా మొత్తం, లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2000 దాకా సర్దుకోవచ్చు అంటారు. బోర్లలో చాలా వాటికి ఆ 500 దాటేస్తుంది. టీడీఎస్ మీటరు ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతుంది, ఒకసారి పెట్టి చూసుకోండి. నల్లా నీళ్ళు, అంటే హైదరాబాద్‌లో కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్ళు, బోరు కంటే చాలా నయం.

ఇక్కడ ఒక పని చాలా ఇళ్ళలో చేస్తున్నారు, దయచేసి మానేయండి. ఆర్‌ఓ ఫిల్టరు నుంచి వచ్చే వేస్టు నీళ్ళు బకెట్లో పట్టి, వృథా ఎందుకని వాటితో కారు కడుగుతారు. ఉద్దేశం మంచిదే, కానీ ఆర్‌ఓ చేసే పనే నీళ్ళలో ఉన్న లవణాలన్నీ ఆ వేస్టు నీళ్ళలోకి నెట్టేయడం, అంటే మీ బోరు నీళ్ళకంటే చెడ్డ నీళ్ళు అవి. మెట్లు కడుక్కోండి, బాత్రూంలో వాడుకోండి, కారుకి మాత్రం వద్దు.

దానికి బదులు ఏసీ పైపు కింద బకెట్టు పెట్టండి. అది గాల్లో తేమ చల్లబడి కారిన నీళ్ళు, లవణాలు దాదాపు ఉండవు, కాస్త దుమ్ము ఉంటుంది కాబట్టి పల్చటి గుడ్డలో వడకట్టుకోవాలి. గాలిలో తేమ ఉన్న రోజుల్లో బాగానే కారుతుంది. కారంతా దాంతో కడగమని కాదు, బోరు నీళ్ళతోనే కడిగి, ఆఖరున ఒకసారి ఈ నీళ్ళు పైనుంచి కిందకి పోసేస్తే చాలు, మచ్చలు సగానికి సగం తగ్గుతాయి.

కడగడం మాత్రం ఎండ రాకముందు గానీ సాయంత్రం నీడలో గానీ, బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. మొత్తం నురగ పట్టించి ఫోన్ వస్తే లోపలికెళ్ళి మాట్లాడి రావడం కుదరదు. ఒక్కో వైపు నురగ పట్టించి వెంటనే కడిగేసుకుంటూ పోవాలి. పెద్ద మందపాటి టవలు పరిచి మెల్లగా లాగితే నీళ్ళు అదే పీల్చుకుంటుంది, గాలి కొట్టే బ్లోయర్ ఉంటే ఇంకా మంచిది, అసలు ముట్టుకోకుండానే అయిపోతుంది.

ఇప్పటికే పడ్డ మచ్చలకి ముందు మామూలు షాంపూతో ప్రయత్నించండి. పోకపోతే తెల్ల వెనిగర్‌లో అంతే ఏసీ నీళ్ళు కలిపి, గుడ్డ తడిపి మచ్చమీద ఒకట్రెండు నిమిషాలు పరిచి, తీసేసి బాగా నీళ్ళు పోయండి, నీడలోనే. దానికీ పోకపోతే షాపులో వాటర్ స్పాట్ రిమూవర్ అడగండి. అదీ అయ్యాక ఇంకా గుంటలా కనిపిస్తుంటే అది లోపలికి తినేసిందని అర్థం, పాలిష్ పట్టాల్సిందే, పాలిష్ పట్టినచోట కోటింగ్ కూడా పోతుంది కాబట్టి అక్కడ మళ్ళీ వేయాలి. బాత్రూం యాసిడ్ వాడామని ఒకరు రాశారు. ఆయనకి వేరేగా ఉత్తరం రాశాం, ఇక్కడ వద్దు.

దసరాకి బండి పూజ చేస్తాం. పసుపు, కుంకుమ కోటింగ్‌ని పాడుచేస్తాయా? తెల్ల కారు. అత్తగారికి చెప్పే ధైర్యం లేదు. – తెనాలి

చెప్పనక్కర్లేదమ్మా, చోటు మారిస్తే చాలు. స్వస్తిక్, బొట్లు బానెట్ మీద కాకుండా ముందు అద్దం మీద ఓ మూల పెట్టమనండి, అద్దం దేన్నైనా తట్టుకుంటుంది, కడిగితే పోతుంది. బానెట్ మీదే పెట్టాలంటారా, సరే, అదే రోజు సాయంత్రం కడిగేయండి. ముందు ధారాళంగా నీళ్ళు పోసి కుంకుమ అంతా కారిపోయాకే చెయ్యి పెట్టాలి, పొడి కుంకుమని గుడ్డతో తుడిచారంటే రంగు మొత్తం పులిమినట్టవుతుంది, పైగా అందులో నలుసులు గీస్తాయి. పసుపు ఛాయ కొద్దిగా మిగిలినా కంగారొద్దు, పసుపు రంగు ఎండకి నిలవదు, కొన్నాళ్ళకి అదే వెలిసిపోతుంది. కొన్ని కుంకుమల్లో కలిపే రంగులు మాత్రం మొండివి.

పసుపు కుంకుమల కంటే నాకు నిమ్మకాయ అంటేనే భయం. టైరు కింద పెట్టి తొక్కించండి, తప్పులేదు, కోసిన చెక్క బానెట్ మీద పెట్టి మర్చిపోతారు చూడండి, ఆ రసం పులుపు మామూలుది కాదు. కొబ్బరినీళ్ళు చిందినా వెంటనే కడగాలి. హారతి పళ్ళెం వేడిగా ఉండగా బానెట్ మీద దించొద్దు. పూలదండ గ్రిల్‌కి దారంతో కట్టండి, టేపు వద్దు.

ఇంటిముందు మామిడిచెట్టు, దానికిందే పార్కింగ్. పూత కాలంలో కారంతా జిగటగా అవుతోంది. పిట్టల రెట్టలు సరేసరి. – నూజివీడు

ఆ జిగట చెట్టు జిగురు కాదు, పూత మీద వాలే తేనెమంచు పురుగు వదిలే తీపి రసం, అది అలాగే ఉంటే దానిమీద నల్లగా మసిలాంటి బూజు పడుతుంది. చక్కెర కాబట్టి గోరువెచ్చని నీళ్ళకి కరిగిపోతుంది, వారానికి రెండుసార్లు కడిగితే సరిపోతుంది, గోకొద్దు.

రెట్ట సంగతి వేరు. అందులో యూరిక్ ఆసిడ్ ఉంటుంది, మే నెల ఎండలో చెయ్యి పెట్టలేనంత వేడెక్కిన రేకు మీద అది కూర్చుంటే కోటింగ్ కొంచెం టైమ్ కొనిస్తుందే తప్ప ఆపలేదు. కారులో ఓ సీసా నీళ్ళు, రెండు మైక్రోఫైబర్ ముక్కలు పెట్టుకోండి. గుడ్డ బాగా తడిపి రెట్ట మీద పరిచి రెండు మూడు నిమిషాలు ఆగండి, నానాక ఎత్తినట్టు తీయండి. హైవేలో వానకాలం రాత్రిపూట బంపరు నిండా అతుక్కునే ఉసిళ్ళకి కూడా ఇదే వైద్యం, తెల్లారేదాకా ఆగకుండా.

ఏడాదైంది, నీళ్ళు మునుపట్లా జారట్లేదు. షాపుకి వెళ్తే కోటింగ్ అయిపోయింది, మళ్ళీ మొత్తం వేయాలన్నారు. – హనుమకొండ

తొందరపడి డబ్బులు కట్టకండి. చాలాసార్లు కోటింగ్ అక్కడే ఉంటుంది, దానిమీద మురికి పొర పట్టి మూసుకుపోతుంది, లవణాలు, తారు, బ్రేకుల నుంచి రాలే ఇనప రజను, మైనం ఉన్న చవక షాంపూలు. ముందు పీహెచ్ న్యూట్రల్ షాంపూతో, అంటే ఆమ్లమూ క్షారమూ కానిదానితో, శుభ్రంగా కడిగించి, ఆ ఇనప రజనుని కరిగించే ఐరన్ రిమూవర్ కొట్టించండి. అది తెల్లగానో పసుపుగానో ఉండి ఇనుము తగిలినచోట ఊదారంగుకి తిరుగుతుంది, కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, భయపడకండి. తారు మచ్చలకి తార్ రిమూవర్, కిరసనాయిలు కాదు, అది జిడ్డు మిగులుస్తుంది. తర్వాత నీళ్ళు పోసి చూడండి, కారు పైనా పక్కలా బాగా జారి ఒక్క బానెట్ మీదే జారకపోతే ఆ ఒక్కటే అరిగిందన్నమాట, అది మాత్రం వేయించుకోండి. క్లే బార్ (మురికిని రుద్ది తీసే మెత్తటి బంకముద్ద) పట్టిస్తామంటే వద్దనండి, అది రాపిడి పని, తప్పనిసరైతేనే.

మూడు నాలుగు నెలలకోసారి సిలికా ఉన్న స్ప్రే టాపర్, అంటే కోటింగ్ మీద పైపూతగా కొట్టే స్ప్రే, కొట్టుకుంటే మంచిదే. కొంచెమే కొట్టాలి, ఎక్కువైతే చారలు పడతాయి. ఇంకోటి, మీ వారంటీ కార్డు తీసి చదవండి, ఏడాదికోసారి వాళ్ళ దగ్గరే మెయింటెనెన్స్ చేయించకపోతే వారంటీ చెల్లదని చాలా వాటిలో ఉంటుంది, రెట్టలు, నీటి మచ్చలు వారంటీలోకి రావని కూడా సన్న అక్షరాల్లో ఉంటుంది.

బీచ్ రోడ్డు దగ్గర ఇల్లు. ఉప్పుగాలికి కోటింగ్ ఉంటే తుప్పు పట్టదా? – విశాఖపట్నం

పైన రంగుకి మేలే, కానీ తుప్పు మొదలయ్యేది అక్కడ కాదు కదా, కింద, చక్రాల గూళ్ళలో, డోరు అంచుల లోపల, అక్కడ కోటింగ్ వేయరు. వారానికోసారి మంచినీళ్ళతో కింద కూడా కొట్టించండి, డోర్ల అడుగున నీళ్ళు పోయే చిల్లులు మూసుకుపోకుండా చూసుకోండి. పోర్టు వైపు తిరిగే బండి అయితే ఆ బొగ్గు, ఖనిజం దుమ్ము మీద పొడిగుడ్డ అసలు వేయొద్దు.

ఇక్కడ చలికాలం బయట కడగలేం, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆటోమేటిక్ వాష్‌కి వెళ్ళొచ్చా? – ఎడిసన్, న్యూజెర్సీ

బ్రష్షులు తిరిగేది వద్దు, నీళ్ళూ కెమికలూ మాత్రమే కొట్టే టచ్‌లెస్‌ది పర్లేదు. ఆ కెమికల్స్ ఘాటైనవే, కానీ నెలల తరబడి ఉప్పు ఉండడం కంటే నయం, కింద కూడా కడిగే ఆప్షన్ తీసుకోండి. గ్యారేజ్ ఉంటే రిన్స్‌లెస్ వాష్ నేర్చుకోండి, అంటే బకెట్ నీళ్ళలో ఆ రిన్స్‌లెస్ మందు ఒక మూతెడు కలిపి, ముందు స్ప్రే చేసి మురికి నాననిచ్చి, గుడ్డ మడత మార్చుకుంటూ ఒక్కో ముక్క తుడవడం. మట్టి పేరుకున్న బండికి పనికిరాదు, తేలిక దుమ్ముకి చాలా బాగుంటుంది. బెంగళూరులో ఉండేవాళ్ళకీ ఇదే చెప్తాం, 2024 మార్చిలో అక్కడ తాగునీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయల ఫైన్ అన్నారు కదా.

వెనక బంపరుకి ఎవడో తగిలించాడు, కొత్తగా పెయింట్ వేయించాలి. కోటింగ్ సంగతేంటి? – రాజమండ్రి

ఆ బంపరు మీద ఉన్నది పోతుంది, మిగతా కారుకి ఏం కాదు. కొత్త పెయింట్‌లో సాల్వెంట్ బయటికి పోవడానికి కొన్ని వారాలు పడుతుంది, పెయింటర్‌ని అడిగి ఆయన సరే అన్నాకే కోటింగ్ వేయించండి, ఆ ఒక్క బంపరుకే. వేరే షాపులో వేయిస్తుంటే ముందు వేసిన కోటింగ్ పేరు బిల్లు చూసి చెప్పండి.