కన్సల్టెంట్‌తో మాట్లాడే ముందు

అమ్మాయీ,

నిన్న నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి అదే ఆలోచిస్తున్నాను. వినికిడి లేని పిల్లల కోసం మీరు నడిపే బడి నిలబడాలంటే విరాళాలు పెరగాలి, అందుకోసం ఒక కన్సల్టెంట్‌ను పెట్టుకుందామని మీ కమిటీ అనుకోవడం మంచిదే. హాస్టల్ ట్రస్టుకు కార్యదర్శిగా ఉన్న పదహారేళ్లలో నేను అలాంటి వాళ్లతో రెండుసార్లు పనిచేశాను. మొదటిసారి నష్టపోయాం, రెండోసారి బాగుపడ్డాం. అందులో వాళ్ల తప్పొప్పుల కంటే మేం నడుచుకున్న తీరే ఎక్కువ.

మొదటిసారి, డబ్బు తేవడం ఆయన పని, పిల్లల్ని చూసుకోవడం మన పని అనుకున్నాం. వసూలైన దాంట్లో నూటికి పదిహేను ఆయనకని ఒప్పుకున్నాం. ముందుగా పైసా పెట్టక్కర్లేదని సంతోషించాం కూడా. ఆరు నెలల తర్వాత, ఏటా మానకుండా ఇచ్చే ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఆఫీసుకు వచ్చి, "నేను పంపిన పదివేలల్లో పిల్లల పళ్లెంలోకి ఎంత చేరింది?" అని అడిగారు. పదిహేను వందలు కమీషన్‌కు పోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కమీషన్ మీద పనిచేసే మనిషి సులువుగా ఇచ్చే పాత దాతల చుట్టూనే తిరుగుతాడు. రెండేళ్లకు గానీ మనసు కరగని కొత్తవాళ్ల గడప తొక్కడు. అమెరికాలో ఈ వృత్తిలో ఉన్నవాళ్ల సంఘం, అసోసియేషన్ ఆఫ్ ఫండ్‌రైజింగ్ ప్రొఫెషనల్స్, తమ సభ్యులు వసూలులో వాటా తీసుకోకూడదని నియమంగా పెట్టుకుంది. నువ్వూ నెలకు ఇంత అనో, పనికి ఇంత అనో మాట్లాడుకో.

రెండోసారి వచ్చినావిడ మొదటి వారమంతా మా హాస్టల్లోనే తిరిగింది. వంటగదిలో మేకుకు వేలాడుతున్న పుస్తకం చూసి ఇదేంటని అడిగింది. అది భోజనాల రిజిస్టరు. పుట్టినరోజుకో, పెళ్లిరోజుకో, అమ్మానాన్నల తద్దినానికో పిల్లలకు ఒక పూట భోజనం పెట్టించినవాళ్ల పేర్లు, తేదీలు అందులో ఉంటాయి. వంటమనిషికి తప్ప అది ఎవరికీ పనికిరాదని అనుకున్నాను నేను. ఆవిడ దాన్ని ముందేసుకుని రెండు రోజులు కూర్చుని, మూడేళ్లుగా రానివాళ్ల పేర్లన్నీ విడిగా రాసింది. "వీళ్లకు మీరే ఫోను చేయాలండీ, నేను చేస్తే కంపెనీ వాళ్లు చేసినట్టుంటుంది" అంది. వారం ముందే ఫోను చేసి, "అమ్మగారి తిథి వస్తోంది కదా, ఆ రోజు పిల్లలకు ఏం వండమంటారు?" అని అడగడం మొదలుపెట్టాను. ఒకాయనకు అవతలి వైపు గొంతు పూడుకుపోయింది. ఆ యేడు తిరిగొచ్చినవాళ్లలో ఇద్దరు తర్వాత గదులు కట్టించారు.

అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. ఎలా అడగాలో, ఎవరిని ఎప్పుడు అడగాలో కన్సల్టెంట్ నేర్పుతారు. అడగాల్సింది మాత్రం మీరే. మీ కమిటీలో పది మందికీ ఈ మాట ముందే చెప్పు. అడగడానికి మొహమాటపడే పెద్దలు, కన్సల్టెంట్ వస్తే ఆ బాధ తప్పుతుందని ఆశపడతారు. ఇంకో మాట, ముందు వాళ్లు తమ చేత్తో ఎంతో కొంత ఇవ్వాలి. "మీరెంత వేశారు?" అని దాత అడిగితే సమాధానం ఉండాలి కదా.

ఆ మనిషి రాకముందే కాగితాలు సరిచూసుకో. దాతలకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇప్పించే 80జీ నమోదు ఉందన్నావు, మంచిది. రెండు వేలు దాటిన నగదుకు ఆ మినహాయింపు రాదు కాబట్టి చెక్కో యూపీఐనో అడగండి. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకు 80జీ అసలే వర్తించదు, అందుకే విజ్ఞప్తి మొత్తం పన్ను మీద నిలబెట్టకండి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు కావాలంటే సీఎస్ఆర్-1 అనే నమోదు తప్పనిసరి.

విదేశాల్లో మనవాళ్లున్నారు, వాళ్లను అడుగుదాం అని కన్సల్టెంట్ తప్పకుండా అంటారు. ఇక్కడ చాలా జాగ్రత్త. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇస్తే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇచ్చింది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా వాళ్ల దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు. నమోదు ఉన్నవాళ్లకు కూడా ఆ డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. అందులోంచి పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదని 2020లో చట్టం మార్చారు. తేడా వస్తే నోటీసు వచ్చేది మీకు, కన్సల్టెంట్‌కు కాదు.

అగ్రిమెంటులో కొన్ని మాటలు స్పష్టంగా రాసి ఉండాలి. డబ్బంతా నేరుగా బడి ఖాతాలోనే పడాలి. దాతల పేర్లు, నంబర్లు బడివే, పని ముగిసిన రోజున పూర్తి జాబితా అప్పగించాలి. మా మొదటాయన వెళ్లిపోతూ జాబితా కూడా పట్టుకుపోయాడు, మళ్లీ పోగుచేయడానికి రెండేళ్లు పట్టింది. మీరు చదవకుండా ఏ ఉత్తరమూ బయటికి వెళ్లకూడదు. ముఖ్యంగా ఫొటోలు. ఏడుపు మొహంతో ఉన్న పిల్లాడి బొమ్మ వేస్తే డబ్బు వస్తుందని చెబుతారు. ఒప్పుకోవద్దు. రేపు పెద్దయ్యాక ఆ పిల్లాడు ఆ ఫొటో చూసి తలదించుకోకూడదు. సైగలతో పాఠం చెప్పుకుంటూ నవ్వుతున్న మీ పిల్లల్ని చూసినా చేయి జేబులోకి వెళ్తుంది, నేను చూశాను.

మొదటి మూడు నాలుగు నెలలు పెద్దగా ఏమీ రాకపోవచ్చు. జీతం దండగ అని కమిటీలో ఎవరో ఒకరు అంటారు. అందుకే ఏ నెలకు ఏ పని అవ్వాలో ముందే రాసుకుని, నెలకోసారి దాన్ని ముందుపెట్టుకుని మాట్లాడుకోండి. మీ వైపు నుంచి ఒక్కరే ఆయనతో మాట్లాడాలి, అడిగిన లెక్క రెండు మూడు రోజుల్లో ఇవ్వాలి. లెక్కలకోసం నెలలు తిప్పించుకుని, తర్వాత ఆయన్నే తప్పుపట్టడం న్యాయం కాదు.

సంతకం చేసే ముందు ఆ కాగితం నాకు వాట్సాప్‌లో పంపు. ఆదివారం పొద్దున్నే బస్సుకు వస్తాను. మీ వంటావిడ దగ్గర కూడా అలాంటి పుస్తకం ఉండే ఉంటుంది, వెతికించి పెట్టు.

మీ బాబాయి