బెంచ్ ప్రెస్ 80 కిలోల దగ్గర ఆగిపోయింది, కోచ్ కాగలనా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పవర్‌లిఫ్టింగ్ పోటీలకు వెళ్లి, తర్వాత కోచ్‌గా స్థిరపడాలని ఉంది. ప్రతి సోమవారం, గురువారం 80 కిలోలతో బెంచ్ ప్రెస్ (బల్లపై వెల్లకిలా పడుకుని బార్‌ను ఛాతీ మీదినుంచి పైకి ఎత్తడం) చేస్తున్నాను. మూడు నెలలుగా మూడుసార్లే వస్తోంది, నాలుగోసారి బార్ సగం దాకా లేచి నిలిచిపోతోంది. రాత్రిళ్లు రొయ్యల చెరువు కాపలా కూడా నాదే. నువ్వు దీనికి పనికిరావని ఇంట్లో అంటున్నారు.

జవాబు: పనికిరాకపోవడం కాదు, మీ సాధన పద్ధతికి కాలం చెల్లింది. కొత్తలో ప్రతిసారీ బరువు పెంచుకుంటూ పోతే బలం పెరుగుతుంది కానీ, కొంతకాలానికి శరీరం అలవాటుపడి, అదే బరువును అదే తీరున ఎన్నిసార్లు ఎత్తినా స్పందించదు. మీరు ఆ రెండు రోజులూ సాధన చేయడం లేదు, ఎంత ఎత్తగలరో పరీక్షించుకుంటున్నారు.

వారానికి మూడు రోజులు కేటాయించండి. మొదటి రోజు 72.5 కిలోలతో మూడేసిసార్లు నాలుగు సెట్లు (విడతలు). రెండో రోజు 60 కిలోలతో, బార్‌ను ఛాతీపై ఒక్క క్షణం పూర్తిగా ఆపి ఎత్తుతూ ఆరేసిసార్లు. పోటీలో రిఫరీ ఆజ్ఞ ఇచ్చేదాకా బార్‌ను ఛాతీపై కదలకుండా ఉంచాలి కాబట్టి ఈ అలవాటు తప్పనిసరి. మూడో రోజు 65 కిలోలతో ఐదేసిసార్లు, ఆ తర్వాత చేతులు దగ్గరగా పట్టుకుని తక్కువ బరువుతో రెండు సెట్లు. బార్ సగంలో ఆగడానికి ట్రైసెప్స్ (చేతి పైభాగం వెనక కండరాలు) చాలకపోవడం ఒక కారణం కావచ్చు, దీనికి ఆ పట్టు మేలు చేస్తుంది. మొదటి రోజు బరువును మాత్రమే వారానికి 2.5 కిలోలు పెంచి, నాలుగో వారం సెట్లు సగానికి తగ్గించి, ఐదో వారం 80 కిలోలతో ఒక్క సెట్ వేసి చూడండి. పక్కన పట్టుకునే మనిషి లేకుండా ఆ ప్రయత్నం చేయవద్దు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది చెరువు కాపలా. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది కనుక నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల దగ్గర ఎవరో ఒకరు మేలుకోక తప్పదని డెల్టాలో అందరికీ తెలుసు. అయితే నిద్రలేని మర్నాడు భారీ బరువు ఎత్తితే మూడు నెలలేమిటి, ఏడాదైనా ఫలితం ఇలాగే ఉంటుంది. కాపలా వంతును నాన్నగారితో మాట్లాడి సర్దుకుని, కంటినిండా నిద్రపోయిన రాత్రి తర్వాతి రోజునే మొదటి రోజుగా పెట్టుకోండి. మాంసకృత్తులు శరీర బరువులో కిలోకు 1.6 గ్రాముల వరకు అందాలి. చేపలు, గుడ్లు, పప్పు దొరికే మీ ఊళ్లో ఖరీదైన పొడి డబ్బాలు అక్కర్లేదు.

ఇక ఉద్యోగం మాట. పవర్‌లిఫ్టింగ్‌లో స్క్వాట్ (బార్‌ను భుజాలపై పెట్టుకుని కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను ఎత్తి నిటారుగా నిలబడటం) మూడింటి మొత్తమే లెక్క కాబట్టి, ఒక్క బెంచ్ దగ్గరే ఆగిపోవద్దు. ఇది ఒలింపిక్ క్రీడ కాదు. స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకునే ముందు, ఆ నోటిఫికేషన్ జాబితాలో ఈ క్రీడ ఉందో లేదో, ఏ స్థాయి సర్టిఫికెట్ అడిగారో చదవండి. కోచ్ కావాలనుకున్నా, జీవనోపాధికి డిగ్రీ పూర్తిచేసి వ్యాయామ ఉపాధ్యాయ కోర్సైన బీపీఈడీకి సిద్ధపడటం భద్రమైన దారి. ఈ ఐదు వారాల బరువులు, సెట్లు, నిద్ర గంటలు నోటుబుక్కులో తేదీల వారీగా రాసి పంపితే, తర్వాతి ప్రణాళిక దాన్ని చూసి చెబుతాను.